గురువారం నీళ్లు

మెసాన్‌కి ఒకప్పుడు చదువుకున్నవాళ్లంటే భయం, భక్తీ రెండూ ఉండేవి. పందొమ్మిదేళ్లు వాళ్లను తన పడవలో ఎక్కించుకుని తిప్పి తెచ్చాక భయం పోయింది. భక్తి అంతకు చాలా ముందే పోయింది. మిగిలిందల్లా వాళ్లు వాంతి చేసుకోవడానికని పడవలో ఉంచిన ఒక పాత ప్లాస్టిక్ బకెట్.

అడొకోజి ఊరి ఒడ్డున, ఎరువులకు వాడే రాయిని కడిగి ఓడలకెక్కించే ఫ్యాక్టరీ ఉంది. కడిగిన రాయి ఏ దేశానికో పోతుంది. మిగిలిన బురద మాత్రం, మనిషి దూరేంత గొట్టంలోంచి నేరుగా అడొకోజి సముద్రంలో పడుతుంది. ఆ రాతిలో యురేనియం, రేడియం లాంటివి కాసింత ఉంటాయి, బురదతో పాటు అవీ నీళ్లలోకి దిగుతాయి. ఎవరో బయటి దేశాలవాళ్లు చెబితే గానీ ఆ సంగతి ప్రభుత్వానికి తెలియలేదు. తెలిశాక ఊరుకుంటే బాగుండదని లోమే నగరంలో ఒక లాబ్ పెట్టారు. మూడు నెలలకోసారి ఆ లాబ్ వాళ్లు వచ్చి, సముద్రపు నీళ్లు డబ్బాల్లో పట్టుకెళ్లి, రేడియోధార్మికత ఎంతుందో కొలుస్తారు. వాళ్లను గొట్టం దాకా తీసుకెళ్లే పడవ మెసాన్‌ది.

వాళ్లకు పెద్ద అమెగాన్. ఆయన బూట్లు విప్పడు. అలల్లో తడవకుండా ఇద్దరు మనుషులు ఆయన్ని చంకల కింద చేతులేసి ఎత్తుకొచ్చి పడవలో కూర్చోబెట్టాలి. కూర్చున్నాక టిక్కు టిక్కుమనే ఒక చిన్న యంత్రం తీసి అలల మీదికి చాచి పట్టుకుంటాడు. నీళ్ల లోపల కరిగి ఉన్నది ఆ యంత్రానికి అందదు. ఆ సంగతి ఆయన కింద పనిచేసే సెనామె అనే అమ్మాయికి తెలుసు, ఆయనకూ తెలుసు, చేపలకు కూడా తెలిసే ఉంటుంది. ఫొటోలో బాగా పడుతుందని తెస్తాడు, అంతే. ఈలోగా అసలు పనంతా సెనామె చేస్తుంది. ఇరవై లీటర్ల డబ్బాలు మూడు నింపి, వెంటనే కొంచెం ఆసిడ్ పోస్తుంది. పోయకపోతే లోపలున్న సరుకు డబ్బా గోడలకు అంటుకుపోయి, లాబ్‌కి చేరేసరికి లెక్క తగ్గిపోతుందట. తర్వాత మూతకు సీలు వేస్తుంది. అమెగాన్ బకెట్‌లోంచి తల ఎత్తి సంతకం పెడతాడు.

కొన్నాళ్లకు లాబ్ నుంచి మెసాన్ చేతికి కాగితం వస్తుంది, అతను దాన్ని ఊరి పెద్దకు ఇస్తాడు. ప్రతిసారీ అదే మాట: పరిమితికి లోపలే ఉంది. ఊరి పెద్ద ఆ కాగితాలను అద్దాలు కట్టించి వరండా గోడకు వరసగా తగిలించాడు, అవేవో తన చదువుకు వచ్చిన పట్టాలైనట్టు. వలల్లో చేపల కంటే బురదే ఎక్కువ పడుతోందని, కాళ్లకు కురుపులు లేస్తున్నాయని ఎవరైనా మొర పెట్టుకోవడానికి వెళితే, వేలెత్తి ఆ గోడ చూపించేవాడు. వెళ్లినవాళ్లు చదువురానివాళ్లు. అద్దంలో తమ మొహాలే చూసుకుని తిరిగొచ్చేవారు.

ఇంతకీ ఆ నీళ్లు పట్టేది ఎప్పుడంటే గురువారం.

గురువారం అడొకోజి సముద్రానికి సెలవు. ఆ రోజు ఎవరూ వల వెయ్యరు, పడవ దించరు. సముద్రదేవత గుడి మెసాన్ వాళ్ల ఇంటిది. ఇప్పుడు దాని బాధ్యత అతని అక్క డెడెది. వాళ్ల నాన్న ఉన్న రోజుల్లో ఫ్యాక్టరీ వచ్చింది. మనం వారానికో రోజు అమ్మను పడుకోనిస్తుంటే వీళ్లు ఏడు రోజులూ ఆమె నెత్తిన బురద పోస్తున్నారని ఆయన వెళ్లి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నాడు. పదకొండు రోజులు అక్కడే, అన్నం ముట్టకుండా. పన్నెండో రోజు మేనేజరు దిగొచ్చాడు. అప్పుడు కుదిరిన ఒప్పందం ఇది: బుధవారం సాయంత్రం గుడి తరఫున ఒక తెల్లగుడ్డ గేటుకు కట్టాలి. కడితే శుక్రవారం తెల్లవారేదాకా పంపు ఆపేస్తారు. ఆ ముసలాయన జీవితంలో గెలిచిన గెలుపు అదొక్కటే. పోయేముందు ఆ గుడ్డ కట్టే పని కొడుకు చేతిలో పెట్టి పోయాడు. మెసాన్ ఒక్క బుధవారం కూడా తప్పలేదు. పెళ్లాం చచ్చిపోయిన బుధవారం కూడా కట్టొచ్చి, తర్వాత ఏడ్చాడు.

లాబ్ వాళ్లు మొదటిసారి వచ్చి ఏ రోజు వీలవుతుందని అడిగినప్పుడు గురువారమని చెప్పింది మెసానే. మిగతా రోజుల్లో పడవలన్నీ వేటలో ఉంటాయి. నీళ్లు పట్టడం వేట కాదు గనక అక్క కూడా ఒప్పుకుంది. పైగా ఇంటికొచ్చిన పెద్దమనుషులకు చిందరవందరగా ఉన్న అమ్మను చూపించడమేమిటి, కాస్త స్నానం చేసి కూర్చున్నప్పుడు చూడనీ అనుకున్నాడు. అంత మర్యాదస్తుడు మరి. చదువుకున్నవాళ్లు కదా, మిగతా ఆరు రోజుల సంగతి లెక్కలో వాళ్లే కలుపుకుంటారనుకున్నాడు.

కలుపుకోలేదని తెలియడానికి పందొమ్మిదేళ్లు పట్టింది.

ఆ మంగళవారం సెనామె అనెహోలో ఎవరిదో దినానికి పోతూ, పొగబెట్టిన చేపలు కొందామని అడొకోజిలో దిగింది. మెసాన్ తన పాక ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆ అమ్మాయి చేపల బుట్ట వదిలేసి ఒడ్డుకు నడిచి, అక్కడే నిలబడిపోయింది.

“బాబాయ్, ఇదేంటి, ఇలా ఉంది?”

“ఏది?”

“సముద్రం! పసుపు కలిపినట్టుంది. ఏమైంది?”

“ఏమీ కాలేదే. మంగళవారం కదమ్మా.”

“మంగళవారమైతే?”

“పంపు నడుస్తుంది. రేపు సాయంత్రం ఆపేస్తారు. ఎల్లుండికల్లా మురికంతా పక్క ఊళ్లవైపు కొట్టుకుపోయి తేటపడుతుంది. మీరొచ్చినప్పుడు చూస్తారుగా.”

సెనామె అతని మొహంలోకి చూసింది. వేళాకోళమేమో అనుకుంది. అతని మొహంలో అదేమీ కనపడకపోయేసరికి ఇసుకలో కూలబడింది.

“బాబాయ్, మేము కొలిచేది బురద పడుతున్నప్పుడు ఎంతుందని. పంపు ఆపిన రోజు నీళ్లు పట్టుకెళ్లి, ఏడాదంతా ఇంతేనని రాస్తున్నాం. ఐదేళ్లుగా నేనే రాస్తున్నా! ఈ మాట అమెగాన్ సార్‌కి తెలుసా?”

“ఆయన ఎప్పుడూ అడగలేదు. బకెట్టే అడిగేవాడు.”

ఆ అమ్మాయి నవ్వలేదు. ఫ్యాక్టరీ వాళ్లు రెండో గొట్టం వేయడానికి అర్జీ పెట్టారని, ప్రభుత్వం దాన్ని లాబ్ కాగితాలు చూసి తేలుస్తుందని, ఈ ఏడాదికి పట్టాల్సిన నీళ్లు ఇంకొక్కసారే మిగిలాయని చెప్పింది. ఆ ఒక్కసారి కూడా గురువారమే పట్టారంటే రెండో గొట్టం వచ్చి తీరుతుంది. అప్పుడు గుడ్డ కట్టినా కట్టకపోయినా ఆ నీళ్లలో చేప అనేది ఉండదు.

మెసాన్ వల పక్కన పెట్టేశాడు. గోడ మీది ఆ అద్దాల కాగితాలు ఒక్కొక్కటీ తన చేత్తో తెచ్చి ఇచ్చినవే. ఇన్నేళ్లూ ఊరికి అబద్ధం మోసింది అమెగాన్ కాదు, తన పడవ. తనంత వెధవ ఈ ఒడ్డు మీద ఇంకొకడు లేడనిపించింది. కానీ రెండోవాడు లోమేలో ఉన్నాడని గుర్తొచ్చి, మర్నాడు పొద్దున్నే షేర్ టాక్సీ ఎక్కాడు.

అమెగాన్ ఆఫీసులో చల్లగాలి యంత్రం కింద మొక్కజొన్న ముద్ద, బెండకాయ పులుసు పెట్టుకుని భోంచేస్తున్నాడు. మెసాన్‌ను కూర్చోమనలేదు. మెసాన్ చెప్పింది మొత్తం విన్నాడు, ముద్ద పూర్తి చేశాడు, వేళ్లు నాకాడు.

“అయితే నన్నేం చెయ్యమంటావ్?”

“ఈసారి మంగళవారం రండి సార్. సోమవారమైనా సరే. పడవ నేను ఖాళీ పెడతా.”

“రోజు మార్చాలా?” అమెగాన్ వెనక్కి వాలి నవ్వాడు. “ఏం మనిషివయ్యా! పందొమ్మిదేళ్లుగా అదే రోజు, అదే చోటు, అదే టైము. దాన్ని శ్రేణి అంటారు. రోజు మారిస్తే శ్రేణి చెడిపోతుంది. దేశంలో ఇంత చక్కటి శ్రేణి ఇంకోటి లేదు, తెలుసా? దీని మీద నేను మూడు దేశాల్లో మాట్లాడాను.”

“కానీ లెక్క తప్పు కదా సార్.”

“తప్పయితే అయ్యింది, ఒకేలా ఉంది కదా! అది కావాలి మాకు. నీకివన్నీ అర్థం కావు గానీ, పో, వచ్చే వారం గురువారానికి బకెట్ కడిగి ఉంచు.”

“పోనీ నేనే ఓ డబ్బా పట్టి తెస్తే?”

“సీలుండదు, నా సంతకముండదు. పట్టుకొస్తే మొక్కలకు పోస్తాం. ఉప్పునీళ్లకి అవీ చస్తాయి.”

తన మాటకు తానే పగలబడి నవ్వుకున్నాడు. మెసాన్ బయటికొచ్చి ఆ భవనం మెట్ల మీద గట్టిగా ఉమ్మేశాడు. కాపలావాడు అరిచాడు. అది అతనికి హాయిగానే అనిపించింది.

దారంతా ఒకటే ఆలోచన. అమెగాన్ రోజు మార్చడు. మార్చగలిగింది ఇంకొకటే ఉంది, దాన్ని తలుచుకోవడానికే భయమేసింది. ఆ సాయంత్రం గేటుకు గుడ్డ కట్టి, నేరుగా గుడికి, అక్క దగ్గరికి వెళ్లాడు. డెడె ఒక్క మాటలో తేల్చేసింది.

“కుదరదు.”

“ఒక్క వారమే అక్కా. వచ్చే బుధవారం ఒక్కటీ కట్టను. పంపు ఆగదు. వాడు గురువారం వచ్చి అసలు నీళ్లు పడతాడు.”

“అమ్మ సెలవు రోజున అమ్మ నోట్లో నువ్వే బురద పోస్తావా? నీ చేత్తో?”

“మిగతా ఆరు రోజులూ పోస్తున్నారుగా.”

“అది వాళ్ల పాపం. ఇది మనది. నాన్న పదకొండు రోజులు దేనికి కూర్చున్నాడ్రా? నీ తెలివితేటలకి బలివ్వడానికా?”

“నాన్న సంపాదించిన రోజునే వాళ్లు మన మీదికి తిప్పారు అక్కా. ఆ రోజు నీళ్లు చూపించే రెండో గొట్టం తెస్తున్నారు.”

ఈసారి డెడె గొంతులో కోపం లేదు. అది ఉంటే మెసాన్‌కి తేలికయ్యేది.

“ఒరేయ్ మెసాన్. గుడ్డ కట్టని రోజున నేను నీ అక్కను కాను, ఈ గుడి మనిషిని. ఏం చెయ్యాలో అదే చేస్తాను. తర్వాత ఏడవకు.”

తర్వాతి బుధవారం సాయంత్రం మెసాన్ గేటు ముందు నుంచి వట్టి చేతులతో నడిచి వెళ్లాడు. పంపు దగ్గర పనిచేసే ఎక్లు ఆ ఊరివాడే. గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు.

“అన్నా, గుడ్డేది?”

“ఈ వారం లేదు.”

“లేదంటే? మర్చిపోయావా? నేను తెచ్చి కట్టనా?”

“నువ్వు కట్టడానికి నువ్వెవడ్రా? లేదన్నానుగా. నడుపుకో.”

ఎక్లు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. మెసాన్ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే కాళ్లు వాటంతటవే గుడి వైపు పరిగెత్తుతాయని అతనికి తెలుసు.

గురువారం పొద్దున అమెగాన్‌ను ఎప్పటిలాగే ఎత్తుకొచ్చి పడవలో కూర్చోబెట్టారు. గొట్టం దగ్గరికి వచ్చేసరికి చుట్టూ సముద్రం చిక్కటి పసుపు రంగులో ఉంది. అమెగాన్ యంత్రం బయటికి తీయలేదు.

“ఇదేంటయ్యా? ఇవి నీళ్లా?”

“నీళ్లే సార్. ఊళ్లో వారానికి ఆరు రోజులు ఉండేవి ఇవే.”

“ఛీ, ఇది పనికిరాదు. పడవ గొట్టానికి అవతల, పడమర పక్కకి పోనీ. అక్కడ తేటగా కనపడుతోంది.”

ఆ ఒడ్డున నీటి లాగుడు ఎప్పుడూ తూర్పుకే. పడమర పక్కన ఏ రోజు చూసినా తేటగానే ఉంటుంది. మెసాన్ లంగరు దించాడు. మోటారు ఆపేశాడు. తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“మీ కాగితంలో గొట్టానికి తూర్పున మూడొందల అడుగులని రాసుంది సార్. ఇదే చోటు. పందొమ్మిదేళ్లుగా ఇదే. శ్రేణి చెడిపోతుంది.”

సెనామె తల దించుకుని డబ్బా మూత తిప్పడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక ఆమె భుజాలు కదులుతున్నాయి.

“నేను సంతకం పెట్టను!” అన్నాడు అమెగాన్.

“తొందరేం లేదు సార్. ఇవాళ సెలవు. సాయంత్రం దాకా ఇక్కడే ఉందాం. మీరు ఈత కొడతానంటే నేను కాదనను.”

లంగరేసిన పడవ నడిచే పడవ కంటే ఎక్కువ ఊగుతుంది. ఆ ఊపును అమెగాన్ గంటసేపు కూడా తట్టుకోలేకపోయాడు. మూడో డబ్బాకు సీలు పడేసరికి ఆయన మొహం కూడా సముద్రం రంగుకే తిరిగింది. బకెట్ రెండుసార్లు నిండింది. రెండోసారి తల ఎత్తినప్పుడు సెనామె కాగితం ముందుంచింది. మూడు దేశాల్లో మాట్లాడిన ఆ మహానుభావుడు మూడు సంతకాలూ కళ్లు మూసుకునే పెట్టాడు. మనిషిని చూస్తే మెసాన్‌కి జాలి కూడా కలగలేదు. తడిసిన కోడికి కూడా ఇంకాస్త పౌరుషం ఉంటుందనుకున్నాడు.

ఆ సంతోషం ఒడ్డు కనపడేదాకానే. ఇసుక మీద ఊరంతా నిలబడి ఉంది. సెలవు రోజున సముద్రం పసుపుగా ఉండటం ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పడుచువాళ్లెవరూ చూడలేదు. ఆడవాళ్లు గట్టిగా ఏడుస్తున్నారు. డెడె గుడి తెల్లబట్టలు కట్టుకుని అందరికంటే ముందు నిలబడింది.

“గుడ్డ ఎవరు కట్టలేదు?”

“నేనే.”

“మర్చిపోయావా?”

అది ఆమె అతనికి ఇచ్చిన చివరి దారి. మర్చిపోయానంటే ఒక మేక, రెండు సీసాల సారాతో పోతుంది. అది మెసాన్‌కి తెలుసు, అక్కడ నిలబడ్డ అందరికీ తెలుసు.

“లేదు. కావాలనే కట్టలేదు.”

“అయితే ఇవాళ్టి నుంచి నీ కాలు సముద్రంలో పడకూడదు. చీలమండ తడవకూడదు. నీ పడవ ఇంకొకళ్లు నడుపుతారు. నువ్వు చచ్చాక కూడా ఈ నీళ్లలో నీ బూడిద, నీ బట్ట, ఏదీ కలపం.”

మెసాన్ పడవలోంచి దిగడానికి కాలు ఎత్తి ఆగిపోయాడు. దిగితే కాలు తడుస్తుంది. అమెగాన్‌ను మోసిన ఇద్దరే వచ్చి అతన్నీ ఎత్తుకెళ్లి పొడి ఇసుక మీద దించారు. యాభై ఏళ్లుగా ఆ అలల్లో ఆడినవాడు, బూట్లవాడిలాగా ఊరందరి ముందూ ఎత్తించుకుని దిగాల్సి వచ్చింది. అప్పుడు వచ్చింది ఏడుపు. అక్క చూడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె కూడా అదే పని చేస్తోందని అతను గమనించలేదు.

లెక్క రెండున్నర నెలలకు తేలింది. ఇన్నేళ్ల కాగితాల్లో ఉన్న అంకెకు పదకొండు రెట్లు. అమెగాన్ దాన్ని సొరుగులో పెట్టి మర్చిపోదామనుకున్నాడు గానీ, సెనామె అప్పటికే ఎక్కడికి పంపాలో అక్కడికి పంపేసింది. రెండో గొట్టం అర్జీని పక్కన పెట్టారు. కొట్టేయలేదు, పక్కనే పెట్టారు. పెద్దవాళ్లు ఏదీ కొట్టెయ్యరు. ఊరి పెద్ద గోడ మీది అద్దాలన్నీ దించి లోపల దాచాడు. కొత్త కాగితాన్ని తగిలించే ధైర్యం అతనికి లేదు.

గుడ్డ తప్పిన ఆ వారంలోనే ఫ్యాక్టరీ కూడా ఒక ఉత్తరం రాసింది. ఎంత మర్యాదగా రాశారంటే, చదివి వినిపించిన బడిపంతులు మధ్యలో రెండుసార్లు మెచ్చుకున్నాడు. ఒప్పందాన్ని గుడివాళ్లే తప్పారు గనక, తాము ఎంతో చింతిస్తూ, ఇకపై గురువారం పంపు ఆపడం లేదని దాని సారాంశం. తర్వాతి బుధవారం డెడె స్వయంగా వెళ్లి గుడ్డ కట్టింది. తెల్లారేసరికి దాన్ని తీసి, మడతపెట్టి, గేటు పక్కన రాయి మీద పెట్టారు. ఊళ్లో సగం మంది మెసాన్‌ను తిట్టారు. మిగతా సగం పలకరించడం మానేశారు.

మూడు నెలలు నిండాయి. లాబ్ బండి వచ్చింది. అమెగాన్ దిగి, ఎవరినీ అడగకుండా మెసాన్ పాక దగ్గరికి వచ్చాడు. ఈసారి కూర్చోవడానికి ఆయనే చోటు వెతుక్కున్నాడు. పై నుంచి అక్షింతలు బాగానే పడ్డట్టున్నాయి, గొంతు తగ్గింది.

“చూడు మెసాన్, జరిగిందేదో జరిగింది. ఆ అంకె నా పరువు తీసింది. ఇంకా నాలుగైదుసార్లు మంచి నీళ్లు పడితే, అది ఏదో పొరపాటని రాసేయొచ్చు. నీకు ఈ సముద్రం తెలిసినట్టు ఎవరికీ తెలీదు. వారంలో నీళ్లు తేటగా ఉండే రోజేదో చెప్పు. శ్రేణి పోతే పోనీ, ఆ రోజే వస్తాం.”

డెడె పక్క పాకలో పొగ మీద చేపలు తిరగేస్తోంది. అక్కను కానన్న మాట ప్రకారం ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. చేతులు మాత్రం ఆగాయి.

మెసాన్ వల మీంచి తల ఎత్తలేదు.

“అలాంటి రోజు ఒక్కటే ఉండేది సార్,” అన్నాడు. “పందొమ్మిదేళ్లు మీకే ఇచ్చాం. ఇక ఎప్పుడొచ్చినా ఇవే నీళ్లు, పట్టుకోండి.”